సామూహిక అడవులు - కార్బన్ సొమ్ము - కార్మికుల కర్తవ్యం

(కోల్‌కతా నగరంలోని భవానీపూర్‌లో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల అధ్యయన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నాకు అప్పగించిన విషయం కరువుభత్యం కాదు, పింఛను కాదు, ఖాళీల భర్తీ కాదు, అడవి. పల్లె ప్రజలు ఉమ్మడిగా కాపాడుకొను అడవికి దూరదేశపు కంపెనీలు, బ్యాంకులు "కార్బన్ క్రెడిట్" పేర సొమ్ము చెల్లించు పద్ధతి ఒకటి గత రెండు దశాబ్దాలుగా వ్యాపిస్తున్నది. ఇది మంచిదా, చెడ్డదా? ఆ సొమ్మును పల్లెవారు పుచ్చుకొనవచ్చునా? పుచ్చుకొన్నచో ఏ షరతులపై? సంఘటిత కార్మికులమైన మనకు ఇందులో పాత్ర ఏమి? ఈ ప్రశ్నలను వరుసగా పరిశీలిద్దాము.

పట్టాల క్రింది అడవి

రైళ్ళు నడుపువారికి, ఉత్తరాలు బట్వాడా చేయువారికి అడవితో ఏమి పని అని కొందరు మిత్రులు అడుగవచ్చును. మన దేశంలో అడవులు ప్రభుత్వ ఆస్తిగా మారుటకు గల కారణాలలో రైలుమార్గం ముఖ్యమైనది. ఒక మైలు పట్టాకు 1760 నుండి 2000 వరకు చెక్క స్లీపర్లు కావలసి ఉండేవి. వేసిన చెక్క కొన్నేళ్ళకు పుచ్చిపోయేది. దాని స్థానంలో మరియొక చెట్టు కూలవలసి వచ్చేది. సాల, టేకు, దేవదారు వృక్షాలు లక్షల సంఖ్యలో ఈ అక్కరకే నేలకొరిగినవి. ఆ కలపకు కొరత రాకుండుటకై 1864లో డైట్రిచ్ బ్రాండిస్ అను జర్మను నిపుణుని ఆంగ్ల ప్రభుత్వం అడవులపై మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా నియమించినది. 1865లో మొదటి అటవీ చట్టం, 1878లో అంతకంటె కఠినమైన రెండవ చట్టం వచ్చినవి. తాతల నాటి నుండి అడవిలో కట్టెలు ఏరుకొన్నవాడు ఆ చట్టాల దెబ్బతో తెల్లవారేసరికి దొంగ అయినాడు.

మన పూర్వులు శ్రీకాకుళం, విశాఖపట్టణం, గోదావరి ప్రాంతాలనుండి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పని కొరకు ఖరగ్‌పూర్ చేరి, అచ్చట ఒక తెలుగు పట్టణాన్నే నిలబెట్టినారు. ఆ రైలుమార్గం వచ్చిన తరువాత మిడ్నాపూరు ప్రాంతపు సాల అడవుల నరికివేత వేగం పుంజుకొన్నది. నేడు కాంక్రీటు స్లీపర్లు వచ్చినవి. అయినను మనకు అన్నం పెట్టిన పట్టాల క్రింద ఒకనాడు ఒక అడవి పరుండి ఉండెననుట మరువరాదు.

మనం కూర్చున్న ఈ భవానీపూర్ సంగతి కూడ ఆలోచింపుడు. 1984 అక్టోబరు 24న దేశపు మొట్టమొదటి భూగర్భ రైలు ఎస్ప్లనేడ్ నుండి ఈ భవానీపూర్ వరకే నడిచినది. ఈ స్టేషనును ఇప్పుడు నేతాజీ భవన్ అంటున్నారు. ఆ రైలుకు పొగ లేదు. కాని దానిని నడుపు విద్యుత్తులో అధిక భాగం బొగ్గు కాల్చగా వచ్చునదే. 2020 మే 20న అంఫన్ తుఫాను ఈ నగరంలో వేలాది చెట్లను కూల్చివేసినది. సముద్రానికి, ఈ నగరానికి నడుమ సుందరవనాల మడ అడవి అడ్డుగోడవలె నిలువనిచో నష్టం ఇంకను ఎక్కువయ్యేది. అడవి ఎక్కడో ఉన్నది, మనం ఇక్కడ ఉన్నాము అనుకొనుటకు వీలులేదు.

పవర్‌గూడ బేరం

కార్బన్ వ్యాపారం ఎట్లు జరుగునో తెలియుటకు తెలుగునేల నుండే ఒక ఉదాహరణ తీసికొందాము. నాటి ఆదిలాబాదు, నేటి కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో పవర్‌గూడ అను చిన్న గోండు గూడెం ఉన్నది. నీరు, అడవి, భూమి తమవేనని నిజాం ప్రభుత్వంపై పోరాడి 1940లో కుమురం భీం ప్రాణాలర్పించిన సీమ అది. 2002 ప్రాంతంలో ఆ గూడెపు మహిళా పొదుపు సంఘాలు వేల సంఖ్యలో కానుగ మొక్కలు నాటినవి. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ నూనె తీయు యంత్రాన్ని సమకూర్చగా, ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు తోడ్పడినారు. కానుగ నూనెను డీజిలుకు బదులు వాడవచ్చును. అట్లు వాడినచో ఆ మేరకు డీజిలు పొగ తగ్గును. పదేళ్ళలో తగ్గబోవు పొగను లెక్కగట్టగా 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుగా తేలినది. 2003 అక్టోబరులో వాషింగ్టన్‌లో ఒక అంతర్జాతీయ సదస్సు జరిగినది. ప్రతినిధుల విమాన ప్రయాణాల వలన వెలువడిన పొగకు పరిహారంగా ప్రపంచ బ్యాంకు ఆ 147 టన్నులను కొని, పవర్‌గూడ మహిళలకు 645 డాలర్లు చెల్లించినది. ఆ మహిళలు ఆ సొమ్మును తిరిగి కానుగ నారు పెంచుటకే వినియోగించినారు.

మన జీతపు చీటీని చదివినంత శ్రద్ధగా ఈ లెక్కను చదువుదాము. టన్నుకు సుమారు 4 డాలర్ల 40 సెంట్లు. ఆనాటి మారకపు విలువలో మొత్తం 30 వేల రూపాయలకు కొంచెం లోపు. పదేళ్ళకు పంచినచో ఏడాదికి మూడు వేలు, అదియు గూడెం అంతటికి. అటు కొద్ది రోజుల సదస్సు, ఇటు పదేళ్ళ కాయకష్టం. ఈ రెండింటిని ఒకే త్రాసులో పెట్టి సరితూగినవని రసీదు వ్రాసినారు. అయితే ఆ మహిళలను నేను ఆక్షేపించుట లేదు. గిరిజన స్త్రీల శ్రమకు ప్రపంచపు ఖాతా పుస్తకంలో ఒక అంకె దక్కినది. దానికి విలువ ఉన్నది. ఆ అంకెను నిర్ణయించినది ఎవరు అనునదే ఆలోచింపవలసిన విషయం. ధర కొన్నవాడు చెప్పినాడు, కొలత నిపుణుడు చెప్పినాడు. అమ్మిన వారికి బేరమాడు తావు ఎంత ఉన్నది?

ఇంకొక మాట. పవర్‌గూడలో అమ్ముడైనది నిలిచియున్న అడవి కాదు. ముందు ముందు రాబోవు నూనె వలన తగ్గు పొగ. నిలిచియున్న అడవిని కాపాడుటకు సొమ్ము ఇచ్చు పద్ధతి వేరు. అక్కడ లెక్క మరింత జటిలమైనది.

మూడు పరీక్షలు

ఎండిన కలపలో దాదాపు సగం బరువు కర్బనం. ఒక టన్ను కర్బనం గాలిలో కలిసినచో సుమారు 3.67 టన్నుల బొగ్గుపులుసు వాయువు అవుతుంది. ఉదాహరణకు, ఒక హెక్టారు అడవి ఏడాదికి రెండు టన్నుల ఎండు కలపంత పెరిగినదని అనుకొందాము. అందులో ఒక టన్ను కర్బనం, అనగా 3.67 టన్నుల వాయువు. పవర్‌గూడ ధరకు కట్టినచో అది ఏడాదికి 16 డాలర్లు. ఈ 16 డాలర్లలోనే కొలతగాని రుసుము, ధృవీకరణ సంస్థ రుసుము, దళారీ వాటా పోవలెను, మిగిలినది పల్లెకు.

పరీక్షల విషయానికి వద్దాము. మొదటిది, అదనపు ప్రయోజనం. మీకు ఓవర్‌టైము ఇవ్వవలెనన్నచో రోస్టరు ప్రకారం చేయవలసిన గంటలు ఎన్ని, చేసినవి ఎన్ని అని చూచెదరు. రోస్టరునే తప్పుగా వ్రాసినచో ఓవర్‌టైము మొత్తం బూటకం. కార్బన్ లెక్కలోను అంతే. "ఈ పథకం లేనిచో ఇంత అడవి నరకబడి ఉండేది" అని ఒక ఊహా రోస్టరు వ్రాసి, దానికి మించి మిగిలిన అడవిని అమ్ముతారు. నరికివేత భయాన్ని ఎంత పెద్దదిగా చూపినచో అంత ఎక్కువ సరుకు చేతికి వచ్చును.

రెండవది, ప్రక్కకు జారుట. టికెట్టు లేని ప్రయాణికుని ఒక పెట్టె నుండి దించగా అతడు ప్రక్క పెట్టెలో ఎక్కినచో రైల్వేకు వచ్చిన లాభం లేదు. ఒక కొండపై గొడ్డలి ఆగి, ప్రక్క కొండపై పడినచో గాలికి కలిగిన మేలును లేదు.

మూడవది, శాశ్వతత్వం. గనిలోని బొగ్గు కోట్ల ఏండ్లుగా భూగర్భంలో భద్రంగా ఉన్నది. దానిని కాల్చి, బదులుగా ఒక చెట్టును చూపుతారు. ఆ చెట్టు వచ్చే వేసవిలో కార్చిచ్చుకు ఆహుతి కావచ్చును. అప్పు శాశ్వతం, జామీను క్షణికం.

ఈ చిక్కుల వలననే 1997 నాటి కియోటో ఒప్పందం క్రింద ఏర్పడిన స్వచ్ఛాభివృద్ధి విధానంలో కొత్తగా నాటిన చెట్లను మాత్రమే లెక్కించినారు. వాటికి సయితం తాత్కాలిక పత్రాలే ఇచ్చినారు. ఉన్న అడవిని కాపాడిన వారికి ఆ విధానంలో చోటులేదు. 2007లో బాలీ సమావేశం తరువాతనే ఆ తలుపు తెరుచుకొన్నది. మార్కెటు మాత్రం నిలకడగా లేదు. 2008లో టన్ను 20 యూరోలు దాటిన ధర 2012 చివరకు ఒక యూరోకు లోబడినది. 2023 జనవరిలో బ్రిటిష్ పత్రిక గార్డియన్, జర్మను వారపత్రిక డీ జైట్ మొదలైనవి కలిసి ఒక పరిశోధన ప్రకటించినవి. వెర్రా అను ప్రధాన ధృవీకరణ సంస్థ ఆమోదించిన వర్షారణ్య క్రెడిట్లలో 90 శాతానికి పైగా నిజమైన తగ్గుదలను సూచించుట లేదని దాని సారాంశం. ఆ నిర్ధారణను ఆ సంస్థ అంగీకరింపలేదు. అయినప్పటికిని కొనువారి నమ్మకం సడలినది. ఇట్టి మార్కెటుపై ఒక గూడెం తన తిండిగింజల భారాన్ని మోపరాదు.

ఆరాబారీ బకాయి

ఇక మన పొరుగుననే జరిగిన ఒక చరిత్ర. కార్బన్ అను మాట వినబడక ముందే, 1972 ప్రాంతంలో, మిడ్నాపూరు జిల్లా ఆరాబారీలో అజిత్ కుమార్ బెనర్జీ అను అటవీ అధికారి ఒక ప్రయోగం మొదలిడినాడు. సాల అడవి మొద్దులుగా మిగిలిన చోటు అది. లాఠీతో అడవి నిలువదని గ్రహించి, ఆయన చుట్టుప్రక్కల 11 గ్రామాల ప్రజలను పిలిచి మాట్లాడినాడు. 618 కుటుంబాలు 1,272 హెక్టార్ల అడవికి కాపలా కాయుటకు ఒప్పుకొన్నవి. బదులుగా అడవి పనులలో కూలి, పుల్ల, ఆకు, గడ్డి ఏరుకొను వీలు, కలప అమ్మకంలో 25 శాతం వాటా అని మాట ఇచ్చినారు. సాల వృక్షం మోడు నుండి తిరిగి చిగురించు గుణం కలది. గొడ్డలి, పశువు దూరంగా ఉన్నచో చాలును. కొన్నేళ్ళకే ఆ మోడుల నేల మరల అడవి అయినది.

మాట ఇచ్చినది 1970వ దశకపు ఆరంభంలో. ఆ 25 శాతం వాటాకు రాష్ట్ర ప్రభుత్వం అధికారికంగా ఆమోదం తెలిపినది 1987లో. నడుమ పదిహేను ఏండ్లు గడిచినవి! బకాయి అనునది ఏమిటో మన సభ్యులకు ఒకరు చెప్పనక్కరలేదు. మౌఖికమైన హామీ ఆర్డరుగా మారుటకు ఒక తరం పెరిగి పెద్దదైనది. అయినను ఆ ప్రజలు అడవిని విడువలేదు. 1989లో పశ్చిమ బెంగాల్ ఉమ్మడి అటవీ యాజమాన్య ఉత్తర్వుకు, 1990 జూన్ 1 నాటి కేంద్ర ప్రభుత్వ సర్క్యులరుకు, 1992లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన వన సంరక్షణ సమితులకు ఆరాబారీయే దారి చూపినది.

దీని నుండి రెండు పాఠాలు. విదేశీ సొమ్ము లేకుండనే పల్లె ప్రజలు అడవిని బ్రతికింపగలరు. వ్రాతపూర్వకమైన హక్కు లేనిచో వారి ప్రతిఫలం ఎంతకాలమైనను ఆలస్యం కాగలదు.

ఖాసీ కొండలు, ఖమ్మం తోటలు

కార్బన్ సొమ్ముతో సామూహిక అడవిని కాపాడుటలో మన దేశంలో చెప్పదగిన ఉదాహరణ మేఘాలయలోని ఖాసీ కొండలది. మావ్‌ఫ్లాంగ్ దేవతావనం ప్రసిద్ధమైనది. అందులో నుండి ఆకు కూడ బయటకు తీసికొని పోరాదను కట్టుబాటు ఉన్నది. ఆ పరిసరాలలోని 10 హిమాలు, అనగా సంప్రదాయ సంస్థానాలు, 62 గ్రామాలు కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడి, దాదాపు 27 వేల హెక్టార్ల ప్రాంతంలో 2010వ దశకం ఆరంభం నుండి ఈ పథకాన్ని నడిపినవి. ప్లాన్ వివో అను అంతర్జాతీయ ప్రమాణం క్రింద అది నమోదైనది. నిప్పు రేగకుండ అడవిలో బాటలు చదును చేయుట, బొగ్గు కాల్చుటను, రాతి క్వారీలను అదుపు చేయుట, కట్టె తక్కువ పట్టు పొయ్యిలు పంచుట, పశువుల పెంపకపు తీరు మార్చుట వారి పనులు. షిల్లాంగ్ నగరానికి నీరిచ్చు ఉమియం నది పరీవాహక ప్రాంతం ఇదే.

ఈ పథకం అక్కడ ఎందుకు నిలద్రొక్కుకొన్నది? రాజ్యాంగపు ఆరవ షెడ్యూలు వర్తించు ఆ కొండలలో అడవి ప్రభుత్వానిది కాదు, వంశాలది, గ్రామాలది. ఒప్పందంపై సంతకం చేయు చెయ్యి, అడవికి యజమాని అయిన చెయ్యి ఒక్కటే. సొమ్ము వచ్చుట తరువాతి సంగతి. హక్కు ముందే ఉన్నది.

అక్కడను ఒక అన్యాయం కనబడుతున్నది. ఎన్నడును గొడ్డలి పడని దేవతావనానికి ఈ మార్కెటులో ధర లేదు. అది నరకబడు ప్రమాదం లేదు కనుక "అదనపు" ప్రయోజనం లేదట! నరుకుటకు సిద్ధపడినవానికి సొమ్ము, నూరు తరాలు కాచినవానికి సున్న. ఎన్నడును సెలవు పెట్టని గ్యాంగ్‌మనుకు బహుమతి లేదని, సెలవు మానుకొన్నవానికే బహుమతి అని చెప్పినట్లున్నది.

దీనికి భిన్నమైనది ఖమ్మం అనుభవం. భద్రాచలం కాగితపు మిల్లును నడుపు ఐ.టి.సి. కంపెనీ ఆధ్వర్యంలో ఖమ్మం జిల్లాలో సుమారు 3,070 హెక్టార్ల నిస్సారమైన రైతుభూములలో తోటలు పెంచు పథకం 2009లో కియోటో విధానం క్రింద నమోదైనది. ప్రధానంగా అవి జామాయిలు తోటలు. రైతుకు బీడు నుండి ఆదాయం, మిల్లుకు గుజ్జు, పైన కార్బన్ పత్రం. రైతుకు కలిగిన మేలును కాదనలేము. కాని అది అడవి కాదు. జామాయిలులో ఇప్పపూవు రాలదు, తునికాకు దొరకదు, అడ్డాకు తీగ అల్లుకొనదు. మార్కెటుకు తోట సులభం. వరుసలు లెక్కింపవచ్చును, కొనువాడు ఎదుటనే ఉన్నాడు. సామూహిక అడవి కష్టం. అందుచేతనే సొమ్ము అడవివైపు కాక తోటవైపు పారుతుంది.

సుందరవనాలలో మరియొక మార్గం చూచినారు. ఐరోపా కంపెనీల పెట్టుబడితో ఏర్పడిన లైవ్‌లీహుడ్స్ నిధి, ఇచ్చటి ఒక స్వచ్ఛంద సంస్థ కలిసి 2010వ దశకంలో దాదాపు 1 కోటి 60 లక్షల మడ మొక్కలు నాటించినవి. బురదలో మోకాలి లోతున దిగి నాటినవారిలో పల్లె స్త్రీలు అధికం. మడ అడవి పెరిగినచో పల్లెకు కట్ట, చేపకు నీడ, నగరానికి రక్షణ. కార్బన్ పత్రాలు మాత్రం పెట్టుబడి పెట్టిన కంపెనీలవి. మన నగరాన్ని కాచు గోడను ఎవరి పొగ ఖాతాలోనో జమ కట్టుచున్నారని తెలిసికొనుట మనకు అవసరం.

హక్కు ముందు, సొమ్ము తరువాత

2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టాన్ని చేసినది. చారిత్రకమైన అన్యాయాన్ని సరిదిద్దుట తన ఉద్దేశమని ఆ చట్టమే చెప్పుచున్నది. తాము సంప్రదాయంగా కాచుకొను సామూహిక అడవిని రక్షించు, పునరుద్ధరించు, నిర్వహించు హక్కును అది అటవీవాసులకు ఇచ్చినది; గ్రామసభకు అధికారాలు కట్టబెట్టినది. ఆ హక్కు వారసత్వంగా సంక్రమించునదేగాని అమ్ముటకు, బదిలీ చేయుటకు వీలుకానిది.

అమలు ఎట్లున్నది? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామూహిక హక్కు పత్రాలు పెక్కింటిని గ్రామసభల పేర కాక, అటవీ శాఖ ఏర్పరచిన వన సంరక్షణ సమితుల పేర జారీ చేసినారు. ఇది చట్టం ఉద్దేశానికి విరుద్ధమని గిరిజన సంఘాలు ఎలుగెత్తినవి. గుర్తింపు కార్మిక సంఘానికి దక్కవలసిన హోదాను యాజమాన్యం తాను నియమించిన కమిటీకి ఇచ్చినచో మనం ఊరుకొందుమా? రేపు కార్బన్ ఒప్పందం వచ్చినచో ఎవరి పేర హక్కు పత్రం ఉన్నదో వారే సంతకం చేయుదురు. అందువలన ఈ పేరు మార్పు చిన్న విషయం కాదు.

హక్కు చేతికి వచ్చినచో ఏమగునో చూడవలెనన్నచో గడ్చిరోలి జిల్లా మెంధా లేఖా గ్రామాన్ని చూడుడు. 2009లో ఆ గోండు గ్రామానికి సుమారు 1,800 హెక్టార్ల అడవిపై సామూహిక హక్కు లభించినది. 2011లో గ్రామసభ తన సొంత రవాణా పర్మిట్లతో వెదురు అమ్ముకొన్నది. ఒక కార్బన్ దళారీ లేడు, ఒక విదేశీ ధృవీకరణ లేదు. తమ వెదురు, తమ ధర, తమ ఖాతా.

మన వైఖరి

ఈ విషయంలో ఉద్యమ మిత్రులలో రెండు అభిప్రాయాలు ఉన్నవి. ఇది పాపపరిహార పత్రాల వ్యాపారం, దీనిని పూర్తిగా త్రోసిపుచ్చవలెనని కొందరు. పేద పల్లెకు ఎక్కడినుండి వచ్చినను సొమ్ము సొమ్మే, అడ్డుపడరాదని మరికొందరు. మొదటివారి ఆగ్రహం న్యాయమైనది. ఒక సగటు అమెరికను ఏడాదికి సుమారు 14 టన్నుల బొగ్గుపులుసు వాయువును వెలువరించుచుండగా, సగటు భారతీయుని వాటా 2 టన్నులు. ఎక్కువ పొగ వదలువాడు పొగ మానకుండ, తక్కువ పొగ వదలువాని అడవిని అద్దెకు తీసికొనుట నీతి కాదు. రెండవవారి ఆవేదనయు న్యాయమైనదే. జీతం లేకుండ రాత్రింబవళ్ళు అడవి కాయు గిరిజనునికి మనం ఇక్కడ కూర్చుండి "ఆ సొమ్ము ముట్టకు" అని చెప్పుట సులభం. అతని పొయ్యిలో పిల్లి లేవదు.

ఈ రెండింటి నడుమ కార్మికోద్యమానికి తనదైన కొలబద్ద ఉన్నది. అడవిని కాచుట శ్రమ. శ్రమకు వేతనం కావలెను. ఆ వేతనం దానం కాదు, అడవికి వెల కాదు, కొన్నవాని పొగకు అనుమతి కాదు. కార్బన్ ఒప్పందం వచ్చినపుడు దానిని వేతన ఒప్పందంవలె చదువవలెను. నా దృష్టిలో ఉండవలసిన షరతులు ఇవి.

మొదటిది: 2006 చట్టం క్రింద గ్రామసభ పేర సామూహిక హక్కు పత్రం రానిదే ఏ కార్బన్ ఒప్పందమును ఉండరాదు.

రెండవది: ఒప్పందాన్ని గ్రామసభ తనకు తెలిసిన భాషలో, గోండీ, కోయ, తెలుగు, ఏది అయిన అది, చదివించుకొని, స్త్రీలు సగమైన సభలో ఆమోదింపవలెను. అధికారి గాని, దళారీ గాని గ్రామం పక్షాన సంతకం చేయరాదు.

మూడవది: కాలపరిమితి పొట్టిదై ఉండవలెను. ఇరువది, ముప్పది ఏండ్లకు ఒకే ధర కట్టుట అనగా వేతన సవరణ లేని ఉద్యోగం. ధరను నిర్ణీత కాలానికి ఒకసారి తిరిగి విచారించు నిబంధన తప్పనిసరి.

నాలుగవది: కట్టెపుల్ల, ఇప్పపూవు, తునికాకు, తేనె, పశువుల మేత, పోడు భూమి, వీటిపై ఉన్న హక్కులను కార్బన్ పేర తగ్గించరాదు.

అయిదవది: వచ్చిన ప్రతి డాలరు ఎంతమంది చేతులు మారి పల్లెకు ఎంత చేరినదో బహిరంగంగా లెక్క చెప్పవలెను. కార్చిచ్చు, తుఫాను వంటి ప్రమాదపు నష్టాన్ని గ్రామంపై మోపరాదు.

ఆరవది: కొనువాడు ఎవరో గ్రామానికి చెప్పవలెను. తన పొగను తాను తగ్గించుకొనుటకు పూనుకొనని కంపెనీకి మన అడవిని ముసుగుగా ఇవ్వరాదు.

మనం చేయదగినది

ఇది దూరపు విషయం కాదని మరియొకసారి గుర్తుచేయుచున్నాను. 2010 ప్రాంతంలో రైల్వే క్వార్టర్లలో పాత బల్బులు తీసికొని సి.ఎఫ్.ఎల్. దీపాలు ఉచితంగా ఇచ్చిన సంగతి మీకు జ్ఞాపకం ఉండవచ్చును. ఆ పొదుపును కియోటో విధానం క్రింద నమోదు చేయుటకే ఆ పథకం నడిచినది. దీపం మన ఇంటిది. దాని కార్బన్ లెక్క మనలో ఎందరికి తెలియును? చదువు, సంఘం, కార్యాలయం ఉన్న మన స్థితియే ఇట్లుండగా, అడవి నడుమ గూడెం సంగతి వేరుగా చెప్పనేల?

2023 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం దేశీయ కార్బన్ క్రెడిట్ వ్యాపార పథకాన్ని ప్రకటించినది. అడవుల రంగం అందులో చేరుటకు దారి ఏర్పడినది. కనుక రానున్న సంవత్సరాలలో ఏజెన్సీ గ్రామాలకు ఒప్పంద పత్రాలు పట్టుకొని పోవువారు పెరుగుదురు. ఇంతకంటె పెద్ద సొమ్ము మన దేశంలోనే ఉన్నదని కూడ తెలియవలెను. గనులకు, ఆనకట్టలకు అడవిని ఇచ్చినపుడు వసూలు చేయు ప్రత్యామ్నాయ అటవీకరణ నిధి నుండి 2019 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు 47,436 కోట్ల రూపాయలు బదిలీ చేసినది. ఆ నిధికి 2016లో చట్టం చేసినపుడు గ్రామసభ సమ్మతిని తప్పనిసరి చేయలేదను విమర్శ వచ్చినది. వాషింగ్టన్ నుండి 645 డాలర్లు వచ్చినవని సంతోషించు ముందు, ఢిల్లీ నుండి వచ్చిన ఈ కోట్లలో అడవి కాచువానికి ఎంత దక్కినదని అడుగుట మన బాధ్యత.

తపాలా సోదరులకు ప్రత్యేకంగా ఒక మాట. అడవి గ్రామానికి ప్రభుత్వం యొక్క ముఖం పెక్కు సందర్భాలలో మీ బ్రాంచి పోస్టాఫీసే. 2006లో ఉపాధి హామీ పనులు మొదలైన పిదప ఆంధ్రప్రదేశ్‌లో కూలి డబ్బును తపాలా ఖాతాల ద్వారా చెల్లించినారు. ఆలస్యాలు, లోపాలు ఉన్నను, కాంట్రాక్టరు చేతినుండి కాక తన పేర గల పుస్తకం నుండి కూలి తీసికొనుట అనేకమంది స్త్రీలకు అదే మొదటిసారి. అడవి కాపలా సొమ్ము సయితం ఇట్టి బహిరంగమైన ఖాతాలోనే పడవలెనని మనం కోరవచ్చును. గ్రామీణ డాక్ సేవకులు ఈ ఒప్పందాల గూర్చి ఎరిగి ఉన్నచో, గూడెంలో వాటిని చదివి వినిపించుటకు వారికంటె తగినవారు లేరు.

రైల్వే మిత్రులకు ఇంకొక మాట. 2015 నాటి పారిస్ ఒప్పందపు పీఠికలోనే కార్మికులకు న్యాయమైన పరివర్తన అను మాట చేరినది. బొగ్గు తగ్గినచో బొగ్గు రవాణాపై బ్రతుకు రైల్వేకు, మన ఉద్యోగాలకు మార్పు తప్పదు. ఆ మార్పులో మన న్యాయం కొరకు మనం పోరాడుదుము. అదే న్యాయాన్ని అడవి మనిషికి కాదనినచో మన పోరాటానికి బలం ఉండదు.

కావున ప్రతి శాఖ ఈ విషయంపై ఒక చర్చాసభ జరుపవలెనని, పైన చెప్పిన ఆరు షరతులను పరిశీలించి సవరణలతో కేంద్ర కార్యాలయానికి పంపవలెనని, గిరిజన సంఘాలతో సంబంధం పెట్టుకొని ఒప్పంద పత్రాలను చదువుటకు మన న్యాయ విభాగం తోడ్పాటు అందించవలెనని ప్రతిపాదిస్తున్నాను. ఒప్పందాలు చదువుట మన ఉద్యమం నేర్చిన విద్య. 1974 మే నెలలో దేశమంతట రైళ్ళు ఆపి, వేలమంది ఉద్యోగాలు పోగొట్టుకొని మన పెద్దలు సంపాదించి ఇచ్చిన అనుభవమది. ఆ విద్యను అడవిలోని సోదరునితో పంచుకొనుట మన వంతు.

కార్మిక, కర్షక, గిరిజన ఐక్యత వర్ధిల్లుగాక!